నడుము కలుక్కుమన్నప్పుడు

హఠాత్తుగా వచ్చే నడుము నొప్పి చాలా సందర్భాలలో దానంతట అదే పోతుంది. అట్లా పోనిదాన్ని సకాలంలో గుర్తించడంలోనే ఉన్నది చిక్కంతా.

ఉదయం ఆరు గంటలు కాలేదు. కాఫీకి పాలు పెట్టగానే పొయ్యి ఆరిపోయింది. వరండాలో ఉన్న నిండు గ్యాసు బండను వంటింట్లోకి తెద్దామని వంగి, రెండు చేతులా పట్టుకొని, ఒక్క ఊపులో లేపాను. బండ నేల విడిచి జానెడు పైకి వచ్చిందో లేదో, నడుములో ఎక్కడో కలుక్కుమన్నది. బండను ఎట్లా దింపానో నాకు గుర్తు లేదు. నేను మాత్రం వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను. నా భార్య వచ్చి చూసి, కింద పడిన వస్తువేదో వెతుకుతున్నానని అనుకున్నదట.

ఇంటి వాడకపు బండలో గ్యాసు బరువు 14.2 కిలోలు. ఇనుప తొడుగుతో కలిపితే సుమారు 30 కిలోలు. అంత బరువును యాభై అయిదేళ్ల మనిషి, నిద్ర లేచిన పావుగంటకు, మోకాళ్లు వంచకుండా లేపబోవడం తెలివైన పని కాదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఇందులో నాకు తోడు చాలామందే ఉన్నారు. ప్రపంచ వ్యాధిభారాన్ని లెక్కగట్టిన శాస్త్రజ్ఞుల అంచనా ప్రకారం 2020లో 61.9 కోట్ల మంది నడుము నొప్పితో బాధపడుతూ ఉండేవారు. మనం 'నడుము పట్టేసింది' అంటాం, 'ఇరుకు పట్టింది' అంటాం, పెద్దవాళ్లయితే 'వాయువు' అని తేల్చేస్తారు. జర్మన్లు దీనిని 'హెక్సెన్‌షుస్' అంటారు. మంత్రగత్తె వేసిన బాణమని దాని అర్థం. అనుభవించినవారికి ఆ పేరులో అతిశయోక్తి ఏమీ కనిపించదు.

ఆ సాయంత్రం నన్ను చూసిన వైద్యుడు నా నడుమును ముట్టుకోక ముందే కొన్ని ప్రశ్నలు వేశాడు. మూత్రం మామూలుగా వస్తున్నదా? కూర్చున్న చోట మొద్దుబారినట్టు ఉన్నదా? రెండు కాళ్లలోనూ నొప్పి గాని, బలహీనత గాని ఉన్నదా? జ్వరం వస్తున్నదా? ఈ మధ్య బరువు తగ్గారా? ఎప్పుడైనా కేన్సర్‌కు చికిత్స పొందారా? మొదటి ప్రశ్న వినగానే నాకు మా బాబాయి గుర్తుకు వచ్చాడు. ఆయన సంగతి చెప్పబోయే ముందు నడుము సంగతి కొంత చెప్పుకోవాలి.

నడుము భాగంలో అయిదు వెన్నుపూసలు ఒకదానిపై ఒకటి పేర్చినట్టు ఉంటాయి. ప్రతి రెండు పూసల నడుమ ఒక మెత్త ఉంటుంది. దానినే డిస్కు అంటున్నాం. దాని అంచు గట్టి నారలతో అల్లిన చట్రం. మధ్యనున్నది జిగురు ముద్ద. ఈ పేర్పు కదలకుండా చుట్టూ కండరాలు, బంధనాలు, వెనుక వైపున చిన్న చిన్న కీళ్లు పట్టి ఉంచుతాయి. రాత్రి పడుకున్నప్పుడు మెత్తలు నీటిని పీల్చుకొని ఉబ్బుతాయి. పగలంతా శరీరభారానికి అణగి ఆ నీటిని వదులుతాయి. మనిషి సాయంత్రం కంటే ఉదయం ఒకటి రెండు సెంటీమీటర్లు పొడవుగా ఉండేది అందుకే. ఉబ్బి ఉన్న మెత్త వంగుడుకు తేలికగా లొంగదు. తెల్లవారుజామున చీపురు పట్టుకొని వంగినప్పుడో, నిండు బిందె ఎత్తుకున్నప్పుడో నడుము పట్టేయడంలో వింత లేదు.

వంగి బరువెత్తడం నడుముకు ఎంత భారమో కొలిచినవారున్నారు. 1999లో జర్మనీ పరిశోధకులు ఒక వ్యక్తి నడుము డిస్కులోకి సన్నని కొలత సాధనాన్ని పంపి, అతనిచేత మామూలు పనులన్నీ చేయించారు. నిలుచున్నప్పటి ఒత్తిడిని ఒకటి అనుకుంటే, వెల్లకిలా పడుకున్నప్పుడు అది అయిదో వంతుకు పడిపోయింది. 20 కిలోల బరువును నడుము వంచి లేపినప్పుడు నాలుగున్నర రెట్లు దాటింది. మోకాళ్లు వంచి లేపితే మూడున్నర రెట్ల లోపే. అదే బరువును ఛాతీకి దగ్గరగా పట్టుకుంటే రెండు రెట్లకు కాస్త ఎక్కువ. ఒక్కడి నడుమును కొలిచి లోకమంతటికీ అంకెలు కట్టలేము గాని, స్వీడన్‌లో నాకెమ్సన్ అనే వైద్యుడు అంతకు ముప్ఫై ఏళ్ల కిందటే అనేకమందిలో కొలిచి, ముందుకు వంగి బరువెత్తడమే డిస్కుకు పెద్ద భారమని తేల్చి ఉన్నాడు.

అయితే కలుక్కుమన్న ప్రతిసారీ డిస్కు చెడిందని అనుకోనక్కర లేదు. అధిక భాగం సందర్భాలలో ఏ కండరమో బెణకడం, ఏ బంధనమో సాగడం, చిన్న కీలు పట్టుకోవడం జరుగుతుంది. వెంటనే చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకొని ఆ భాగాన్ని కదలనీయవు. మనం వంగినవాళ్లం వంగినట్టే ఉండిపోవడం ఆ కాపలా ఫలితమే. నొప్పిలో ఎక్కువ పాలు ఈ బిగింపుదే. ఫలానా నారే తెగిందని వేలు పెట్టి చూపించడం ఎంతటి నిపుణుడికైనా సాధ్యం కాదు. హఠాత్తుగా వచ్చిన నడుము నొప్పులలో నూటికి 85 నుంచి 90 ఈ కోవలోనివే.

డిస్కు మాట అంతగా ప్రచారంలోకి రావడానికి కారకులు అమెరికాలోని బోస్టన్ నగరపు శస్త్రవైద్యులు మిక్స్‌టర్, బార్. డిస్కు అంచు చిట్లి లోపలి ముద్ద వెలుపలికి పొడుచుకు వచ్చి నాడిని నొక్కడం వల్ల తుంటి నుంచి కాలి దాకా నొప్పి పాకుతుందని వారు 1934లో నిరూపించారు. సయాటికా అని నేడు మనమంటున్నది ఇదే. మన ఆయుర్వేద గ్రంథాలు ఈ నొప్పి పిరుదు నుంచి తొడ, మోకాలు, పిక్క మీదుగా పాదం దాకా దిగుతుందని వర్ణించి, రోగి నడక గద్ద నడకను పోలి ఉంటుందని కాబోలు, 'గృధ్రసి' అని పేరు పెట్టాయి. కారణం తెలియకపోయినా దారి మాత్రం తప్పు లేకుండా గీశారు.

మిక్స్‌టర్, బార్‌ల తరువాత నడుము నొప్పి అనగానే డిస్కునే అనుమానించడం అలవాటైపోయింది. 'డిస్కు జారింది' అన్న మాట ఇంటింటా వినిపిస్తుంది. నిజానికి అది జారదు. రెండు పూసలకూ గట్టిగా అతుక్కొని ఉంటుంది, ఉబ్బితే ఉబ్బుతుంది, చిట్లితే చిట్లుతుంది. పైగా ఉబ్బినంత మాత్రాన నొప్పి ఉండాలనీ లేదు. 1994లో అమెరికాలో నడుము నొప్పి ఎరుగని 98 మందికి ఎం.ఆర్.ఐ. తీస్తే, సగానికి పైగా మందిలో కనీసం ఒక డిస్కయినా ఉబ్బి కనిపించింది. అన్ని డిస్కులూ చక్కగా ఉన్నవారు నూటికి 36 మందే. కనుక నొప్పి వచ్చిన మర్నాడే వేల రూపాయలు పోసి తీయించుకున్న చిత్రంలో ఏదో ఒక లోపం కనిపించడం ఖాయం. ఆ లోపమే నొప్పికి కారణమన్నది మాత్రం ఖాయం కాదు. చిట్లి బయటికి వచ్చిన ముక్క కూడా చాలామందిలో కొన్ని నెలలకు శరీరంలోనే ఇంకిపోతుంది.

ఇక బాబాయి సంగతి. అది నా సంగతి కూడా.

నేను ఎదురుకాళ్లతో పుట్టాను. తల ముందు రావలసింది, పాదాలు ముందు వచ్చాయి. అట్లా పుట్టినవాళ్లు కాలితో తొక్కితే నడుము పట్టు వదులుతుందని మన పల్లెలలో ఒక నమ్మకం. కృష్ణా డెల్టాలోని మా ఊళ్లో ఏడెనిమిదేళ్ల వయసు నుంచే నాకు ఆ ఉద్యోగం దొరికింది. నడుము పట్టినవాళ్లు పొద్దున్నే వచ్చి మా అరుగు మీద బోర్లా పడుకునేవారు. నేను మూడుసార్లు కాలు ఆనించి తీసేవాణ్ణి. పెద్దవాళ్లను కాలితో తాకినందుకు నాయనమ్మ నాచేత వాళ్లకు దణ్ణం పెట్టించేది. వాళ్లు నా చేతిలో బెల్లం ముక్కో, పది పైసలో పెట్టి వెళ్లేవారు. వారం పది రోజులలో ఇంచుమించు అందరికీ నయమయ్యేది. నా పాదం మీద నాకే గురి కుదిరింది.

ఆ గురి వెనుక ఉన్న రహస్యం నాకు చాలా ఏళ్ల తరువాత అర్థమైంది. 2014లో వెలువడిన ఆస్ట్రేలియా పరిశోధన ఒకటి ఉన్నది. కొత్తగా నడుము నొప్పి వచ్చిన 1,650 మందిని తీసుకొని కొందరికి పారసిటమాల్ మాత్రలు, కొందరికి మందు లేని ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. మందు మింగినవారిలో సగం మందికి నయం కావడానికి 17 రోజులు పట్టింది. ఉత్తుత్తి మాత్రలు మింగినవారికి 16. నా పాదం ఆ ఉత్తుత్తి మాత్ర వంటిది. నొప్పి పోయే రోజులలో ఎవరు దగ్గర ఉంటే కీర్తి వారికి దక్కుతుంది: మాత్రకు దక్కుతుంది, తైలానికి దక్కుతుంది, పట్టీకి దక్కుతుంది, ఎదురుకాళ్ల పిల్లవాడికీ దక్కుతుంది. అందులో దోషమేమీ లేదు, వచ్చిన నొప్పి పోయే జాతిదే అయినప్పుడు.

1984లో, సంక్రాంతి వెళ్లిన తరువాత, కళ్లంలో 75 కిలోల ధాన్యం బస్తాను బండికెత్తుతూ బాబాయి కూలబడ్డాడు. ఇంటికి తీసుకువచ్చి ఆముదం రాసి, ఉప్పు కాపడం పెట్టారు. "అబ్బాయీ, ఒకసారి కాలు పెట్టరా" అని ఆయనే పిలిచాడు. పెట్టాను. నాకప్పుడు పద్నాలుగేళ్లు.

మర్నాటికి నొప్పి రెండు కాళ్లలోకీ దిగింది. అంతవరకూ నేను చూసిన నడుము నొప్పులలో అట్లా రెండు వైపులా దిగినది లేదు. ఊళ్లో సూది మందు వేసే ఆయన వచ్చి ఒక సూది వేసి వెళ్లాడు. సాయంత్రానికి బాబాయికి మూత్రం రాలేదు. నీళ్లు తాగక అనుకున్నారు. చెంబెడు మజ్జిగ ఇచ్చారు. రాత్రి నన్ను దగ్గరకు పిలిచి, పిన్నికి చెప్పవద్దంటూ, "కింద బల్ల ఉన్నట్టే తెలియడం లేదురా, దూది మీద కూర్చున్నట్టున్నది" అన్నాడు. నేను ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు మధ్యాహ్నానికి గాని పట్నం ఆసుపత్రికి చేర్చలేదు.

వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగిసిపోతుంది. అక్కడి నుంచి కిందికి నాడులు గుత్తిగా వేలాడుతూ ఉంటాయి. దానిని శరీరనిర్మాణ శాస్త్రంలో గుర్రపు తోక అంటారు. కాళ్లకే గాక మూత్రాశయానికి, మలద్వారానికి, మర్మస్థానాలకు పోయే నాడులన్నీ అందులోనివే. అరుదుగా డిస్కులోని పెద్ద ముద్ద ఒకటి ఒక్కసారిగా వెనక్కు పొడుచుకువచ్చి ఈ గుత్తి మొత్తాన్ని నొక్కేస్తుంది. మూత్రం ఆగిపోవడమో, తెలియకుండా పోవడమో జరుగుతుంది. గుర్రపు జీను తగిలే చోటు, అంటే రెండు తొడల లోపలి వైపు, ఆసనభాగం, మొద్దుబారుతుంది. మల నియంత్రణ తప్పుతుంది. ఇక్కడ రోజులు లెక్కపెట్టడానికి వీలు లేదు, గంటలే. ఒకటి రెండు రోజుల లోపల, ఎంత త్వరగా అయితే అంత మంచిది, శస్త్రచికిత్స చేసి ఒత్తిడి తొలగించాలి. ఆలస్యమైతే ఆ నాడులు కోలుకుంటాయన్న నమ్మకం లేదు.

బాబాయికి శస్త్రచికిత్స జరిగింది. మూడు నెలలకు కర్ర సాయంతో నడిచాడు. మూత్రం మాత్రం జీవితాంతం గొట్టం పెట్టుకొని తీసుకోవలసి వచ్చింది. నేను ఆసుపత్రి వసారాలో ఏడుస్తూ ఉంటే, సంగతి తెలుసుకున్న శస్త్రవైద్యుడు, "నీ కాలు వల్ల కాదు బాబూ, బస్తా ఎత్తినప్పుడే చిట్లిపోయింది. నిన్న పొద్దున తీసుకువచ్చి ఉంటే బాగుండేది" అన్నాడు. ఆ రెండో వాక్యాన్ని నేను మరచిపోలేదు. ఆ తరువాత ఎవరి నడుము మీదా కాలు పెట్టలేదు.

నడుము వేషంలో వచ్చే ఇతర వ్యాధులు కూడా కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే తరచుగా కనిపించేది మూత్రపిండాలలోని రాయి. అది మూత్రనాళంలోకి దిగి ఇరుక్కున్నప్పుడు పక్కటెముకల కింద ఒక వైపున పొడిచి, గజ్జ దాకా దిగుతుంది. కెరటాలుగా వస్తుంది, వాంతి వచ్చినట్టుంటుంది, మూత్రం ఎర్రగా రావచ్చు. దీనిని పోల్చుకోవడానికి పాత వైద్యులు చెప్పే గుర్తు చాలా మంచిది: నడుము పట్టినవాడు కదలడు, రాయి ఉన్నవాడు కదలకుండా ఉండలేడు. మంచం మీద దొర్లుతాడు, లేస్తాడు, తిరుగుతాడు, మళ్లీ పడుకుంటాడు. మన ఎండలలో చెమట పోసి, నీళ్లు చాలనివారికి ఇది తరచు. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లు సాధారణంగా వాటంతట అవే పడిపోతాయి. అప్పుడు కీర్తి ఉలవ కషాయానికో, అరటి దవ్వ రసానికో దక్కుతుంది. కాని నొప్పితో పాటు చలి జ్వరం వచ్చిందంటే మూత్రపిండంలో చీము పడుతూ ఉండవచ్చు. అప్పుడు కషాయాల జోలికి పోకుండా ఆసుపత్రికి పోవాలి.

అరుదైనా అతి భయంకరమైనది బృహద్ధమని ఉబ్బు. గుండె నుంచి బయలుదేరిన పెద్ద రక్తనాళం కడుపులో వెన్నెముకకు ఆనుకొనే దిగుతుంది. అరవై అయిదు దాటినవారిలో, ముఖ్యంగా ఏళ్ల తరబడి పొగ తాగిన మగవారిలో, దాని గోడ పలచబడి బుడగలాగా ఉబ్బవచ్చు. అది చిట్లే ముందు వచ్చే నొప్పి నడుములోనో, కడుపులోనో ఉంటుంది. ఆల్బర్ట్ ఐన్‌స్టైన్‌ను బలిగొన్నది ఈ వ్యాధే. 1948లో శస్త్రవైద్యుడు రుడాల్ఫ్ నిస్సెన్ ఆయన కడుపు తెరచి, పంపరపనస పండంత ఉబ్బును చూసి, నాటికి వేరే దారి లేక దాని చుట్టూ సెలొఫేన్ కాగితం చుట్టి మూసివేశాడు. ఆ కాగితంతో ఐన్‌స్టైన్ ఆరేళ్లకు పైగా జీవించాడు. 1955 ఏప్రిల్‌లో ఉబ్బు చిట్లినప్పుడు మళ్లీ శస్త్రచికిత్సకు ఆయన అంగీకరించలేదు. 18వ తేదీన మరణించాడు. అప్పుడాయన వయస్సు 76. చుట్టలూ బీడీలూ అలవాటున్న వృద్ధుడు ఉన్నట్టుండి నడుము నొప్పి అంటూ చెమటలు పట్టి సొమ్మసిల్లితే, నిమిషం ఆలస్యం చేయరాదు.

వయస్సు మళ్లిన స్త్రీలలో ఎముకలు గుల్లబారి ఉంటాయి. బస్సులో వెనుక సీటులో కూర్చున్నప్పుడు ఒక గుంట చాలు, ఒక్కోసారి గట్టి దగ్గు చాలు, పూస నలిగిపోవడానికి. ఉబ్బసానికో, కీళ్ల నొప్పులకో ఎక్కువ కాలం స్టెరాయిడ్ మాత్రలు వాడినవారికీ ఈ ప్రమాదమున్నది. ఇటువంటి నడుమును తొక్కించడం గురించి తలచుకుంటేనే నాకు ఒళ్లు జలదరిస్తుంది. బిడ్డలు పుట్టే వయస్సులోని స్త్రీకి నెల తప్పి, నడుములోనూ పొత్తికడుపులోనూ హఠాత్తుగా నొప్పి వస్తే గర్భం గర్భాశయంలో గాక నాళంలో నిలిచిందేమో చూడాలి. నడుముకు ఒక వైపునే మంటగా ఉండి, నాలుగైదు రోజులకు అక్కడ పొక్కులు లేస్తే అది సర్పి. దానికి మందు పొక్కులు కనిపించిన మూడు రోజుల లోపు మొదలుపెడితే గుణం ఎక్కువ.

మన దేశంలో మరచిపోరానిది వెన్నెముక క్షయ. ప్రపంచంలోని క్షయ రోగులలో సుమారు నాలుగో వంతు ఇక్కడే ఉన్నారు. ఇది నెలల తరబడి చాపకింద నీరులా పాకుతుంది. సాయంత్రపు జ్వరం, అన్నహితవు లేకపోవడం, ఒళ్లు తగ్గడం ఉంటాయి. ఎవరూ పట్టించుకోరు. తొలిచివేసిన పూస ఒకనాడు కూలినప్పుడు 'హఠాత్తుగా నడుము నొప్పి వచ్చింది' అంటారు. ఒకప్పుడు దీనికి ఏళ్ల తరబడి మంచం మీద పడుకోబెట్టేవారు, లేదా అందరికీ కోతే శరణ్యమనేవారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఆచార్య ఎస్.ఎం. తులి 1975లో ఒక మధ్యేమార్గాన్ని ప్రకటించారు. మందులతోనే ప్రారంభించి, నాడులు దెబ్బతింటున్నా, మందులకు లొంగకపోయినా మాత్రమే శస్త్రచికిత్స చేయాలన్నది ఆయన పద్ధతి. నేడు లోకమంతటా ఇంచుమించు ఆ దారినే నడుస్తున్నారు. మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా ఇస్తారు.

నా విషయంలో వైద్యుడు అడిగిన ప్రశ్నలన్నిటికీ లేదనే జవాబు వచ్చింది, మొదటి దానికి తప్ప. మూత్రం మామూలుగానే వస్తున్నదని చెప్పాను. నన్ను పడుకోబెట్టి ఒక్కొక్క కాలూ పైకెత్తి చూశాడు. మడమల మీదా, మునివేళ్ల మీదా నిలబడమన్నాడు. ఫొటోలేవీ అక్కరలేదన్నాడు. నాలుగు రోజులకు మాత్రలు రాసి, అవి ఎక్కువ రోజులు మింగితే కడుపునూ మూత్రపిండాలనూ పాడుచేస్తాయని హెచ్చరించాడు. పడక మాత్రం వద్దన్నాడు. 1995లో హెల్సింకి నగరపాలక సంస్థ ఉద్యోగులు 186 మందిని మూడు జట్లుగా చేసి, ఒక జట్టును రెండు రోజులు పడుకోబెట్టారట, ఒక జట్టుచేత వ్యాయామం చేయించారట, మూడో జట్టును ఓర్చుకోగలిగినంత మేరకు మామూలు పనులు చేసుకోమన్నారట. అందరికంటే త్వరగా కోలుకున్నది మూడో జట్టే.

రెండు రోజులు గోడ పట్టుకొని ఇంట్లోనే తిరిగాను. మూడో రోజు వీధి చివరి దుకాణం దాకా వెళ్లాను. పన్నెండో రోజున వంగి చెప్పుల పట్టీ పెట్టుకోగలిగాను. ఎదురుకాళ్లవాడి నడుము ఎవరు తొక్కాలో మా ఇంట్లో ఎవరికీ తెలియకపోవడం నాకు మేలే చేసింది.

మొన్నామధ్య మా మెట్ల కింది ఇంటి కుర్రవాడు, మోటారు సైకిలు స్టాండు వేస్తూ నడుము పట్టుకుందని, ఒక చేత్తో వీపు నొక్కుకుంటూ వచ్చాడు. నా పుట్టుక సంగతి వాళ్ల అమ్మమ్మకు ఎవరో చెప్పారట.

"ఒకసారి కాలు పెట్టండి అంకుల్" అన్నాడు.

"ముందు ఇది చెప్పు. మూత్రం మామూలుగా వస్తున్నదా?" అని అడిగాను.

వింతగా చూసి, వస్తున్నదన్నాడు. కాళ్లు మొద్దుబారలేదన్నాడు. జ్వరం లేదన్నాడు. సరే, అయితే నాతోపాటు వీధి చివరి దాకా నడువు అని చెప్పులు వేసుకున్నాను.